బిట్ గుంటలో కూర్చుందా, లేదా?

(ఆ రోజు రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగ్ విని టైపు చేసిన పాఠం.)

అందరికీ నమస్కారం. కూర్చోండి, కూర్చోండి. మాట్లాడే ముందు ఒక శబ్దం వినిపిస్తాను. ఈ చెక్కలో సగం దిగిన స్క్రూ ఉంది. డ్రిల్లు పెడుతున్నాను... కర్ర్‌ర్... టక్ టక్ టక్. వినపడిందా? వెనక వరుసల్లో వాళ్లకి కూడా?

ఈ శబ్దం మీలో తెలియనివాళ్లు ఎవరూ లేరు. మొహాల్లోనే కనిపిస్తోంది, సగంమంది పళ్లు బిగబట్టారు. డ్రిల్లుకి తగిలించే మొన, అదే బిట్, స్క్రూ తల మీది గుంటలోంచి లేస్తోంది, మళ్లీ పడుతోంది, మళ్లీ లేస్తోంది. ఒక్కో 'టక్'కి స్క్రూ తలలో కొంచెం ఇనుము పోతోంది, బిట్ మొనలోనూ కొంచెం పోతోంది. రెండూ ఒకదాన్నొకటి తినేస్తున్నాయి. అప్పుడు మనం ఏమంటాం? "ఛ, ఈ బిట్ నాసిరకం" అంటాం. ఇంకాస్త గట్టిది, ఇంకాస్త ఖరీదైనది కొందాం అంటాం. నేనూ చాలా ఏళ్లు అదే అన్నాను, అదే చేశాను. డబ్బాలు డబ్బాలు కొన్నాను.

ఇవాళ నేను చెప్పేది ఒక్కటే. బిట్ అరిగిపోయి జారడం తక్కువ. సరిగ్గా కూర్చోక జారి, జారి జారి అరిగిపోవడమే ఎక్కువ. అంటే మన్నిక అని మనం దేన్ని అంటున్నామో, అందులో పెద్ద భాగం ఉక్కులో లేదు. బిట్ గుంటలో కూర్చోవడంలో ఉంది. ఉక్కు గురించి కూడా చెప్తాను, కంగారు పడకండి. కానీ అది తర్వాత.

ముందు పేరు దగ్గర తేల్చుకుందాం. ఈ నాలుగు రెక్కల గుంటని, దానికి పట్టే బిట్‌ని మనం ఏమంటాం? స్టార్ అంటాం. స్టార్ స్క్రూడ్రైవర్, స్టార్ బిట్. కొందరు ప్లస్ అంటారు. ప్లస్ అంటేనే మంచిది, ఎందుకో చెప్తాను. ఆరు మూలలతో నిజంగానే నక్షత్రంలా ఉండే గుంట ఇంకొకటి ఉంది, టోర్క్స్. 1967లో వచ్చింది. ఆన్‌లైన్‌లో స్టార్ అని వెతికితే అదీ వస్తుంది, ఇదీ వస్తుంది. పార్సిల్ విప్పాక తల పట్టుకోవాలి. కాబట్టి ఇవాళ్టికి ప్లస్ అనే అందాం.

సరే, ప్లస్ అంటే ఒకటేనా? చేతులెత్తండి, ప్లస్‌లన్నీ ఒకటే అనుకునేవాళ్లు? పర్లేదు, ఎత్తండి, ఇక్కడ మార్కులు వెయ్యడం లేదు. చాలామందే ఉన్నారు. మంచిది. ఎందుకంటే గొడవంతా అక్కడే ఉంది.

మొదటిది ఫిలిప్స్. అమెరికాలో పోర్ట్‌లాండ్ ఊళ్లో జాన్ థాంప్సన్ అనే ఆయన దీని మూల ఆలోచన చేశాడు. ఆయన దగ్గర హెన్రీ ఫిలిప్స్ ఆ హక్కులు తీసుకుని, మెరుగుపరిచి, 1936లో తన పేరు మీద పేటెంట్ తెచ్చుకున్నాడు. అదే ఏడాది కాడిలాక్ కార్ల తయారీలో ఈ స్క్రూలు వాడారు. కార్ల ఫ్యాక్టరీ ఎందుకు ఎగబడిందో ఆలోచించండి. అంతకు ముందున్నది ఒంటి గాడి, మన మైనస్ స్క్రూ. దాని మీద మర డ్రైవర్ పెడితే ఏమవుతుంది? పక్కకి జారుతుంది, పక్కనున్న పెయింటు గీసుకుపోతుంది. ప్లస్‌లో ఆ బాధ లేదు. మొన దానంతటదే నడిమధ్యకి వెళ్లి కూర్చుంటుంది. లైనులో నిలబడి రోజంతా స్క్రూలు బిగించే మనిషికి అది వరం.

కానీ ఆ వరంలోనే ఒక మెలిక ఉంది. ఈ బిట్‌ని భూతద్దం కింద చూడండి, అలా పక్కవాళ్లకి అందిస్తూ ఉండండి. నాలుగు రెక్కలున్నాయి కదా? వాటి పక్క గోడలు నిటారుగా లేవు, మొన వైపు సన్నబడుతూ ఏటవాలుగా ఉన్నాయి. ఇప్పుడు నా రెండు అరచేతులు చూడండి. నిటారుగా ఆనించి పక్కకి తోశాననుకోండి, తోపు అంతా పక్కకే పోతుంది. చేతులు వాల్చి పెట్టి తోస్తే? పై చెయ్యి జారుతూ పైకి లేస్తుంది. చూశారా? ఫిలిప్స్‌లో జరిగేది ఇదే. తిప్పే బలంలో కొంత భాగం బిట్‌ని బయటికి నెట్టే బలంగా మారిపోతుంది. మీరు పైనుంచి నొక్కితేనే అది లోపలుంటుంది. నొక్కుడు తగ్గిందా, టక్.

ఒక మాట మీరు వినే ఉంటారు. "కావాలనే అలా చేశారు, స్క్రూ మరీ బిగుసుకోకుండా బిట్ తనంతట తనే బయటికి రావాలని" అంటారు. మొదటి పేటెంట్లలో ఆ మాట లేదు. తర్వాత, 1949లో వచ్చిన ఒక మెరుగుదల పేటెంట్‌లో మాత్రం దాన్ని ఒక సుగుణంగా రాసుకున్నారు. లోపాన్ని గుణంగా చెప్పుకోవడం మనకి మాత్రం కొత్తా?

రెండోది పోజీడ్రైవ్. ఫిలిప్స్ తర్వాత ఆ జారుడు తగ్గించడానికే వచ్చింది. ఇందులో రెక్కల గోడలు దాదాపు నిటారు. గుర్తుపట్టడం ఎలా? స్క్రూ తల మీద చూడండి, పెద్ద ప్లస్ మధ్యన సన్నటి నాలుగు గీతలు, మూలలకి వెళ్తున్నట్టు. ముగ్గులో చుక్కకి అటూ ఇటూ చిన్న గీతలు లాగినట్టు ఉంటుంది. బిట్ మొనకి కూడా రెక్కల మధ్య చిన్న చిన్న గట్లు ఉంటాయి. బిట్ మీద ఫిలిప్స్‌కి పీహెచ్ అనీ, దీనికి పీజెడ్ అనీ చెక్కి ఉంటుంది. విడిభాగాలుగా వచ్చి మనమే బిగించుకునే బీరువాలు, అల్మరాల స్క్రూలలో ఇది చాలా తరచుగా తగులుతుంది. చెక్క స్క్రూలలోనూ అంతే.

ఇక్కడే అందరూ చేసే తప్పు. పీజెడ్ స్క్రూలో పీహెచ్ బిట్ పెడతాం. దిగుతుందా? దిగుతుంది. అదే కదా మోసం! దిగుతుంది, కానీ లోపల గలగలలాడుతుంది. గోడలకి ఆనదు, అంచులకి మాత్రం ఆనుతుంది. రెండు మూడు స్క్రూలు ఎలాగో బిగుస్తాయి, నాలుగో దానికి శబ్దం మొదలు. తిరగేసి పీహెచ్ స్క్రూలో పీజెడ్ బిట్ పెడితే అసలు అడుగు దాకా దిగదు, పైపైనే ఉంటుంది. రెండూ ప్లస్‌లే, రెండూ రెండో సైజే. ఒకదానికొకటి మాత్రం పనికిరావు.

మూడోది జపాన్ వాళ్ల ప్లస్. జిస్ అంటారు, జపాన్ ప్రమాణం. దీని గురించి నేను కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, క్షమించండి. నేను పాఠం నేర్చుకున్నది దీని దగ్గరే. ఒకసారి పాత జపాన్ బైకు కార్బురేటర్ విప్పుతున్నాను. అడుగున గిన్నె ఉంటుంది కదా, దానికి నాలుగు స్క్రూలు. నా దగ్గర అప్పటికి ఉన్నవాటిలో మంచి ఫిలిప్స్ డ్రైవర్, కొత్తది, తీసి పెట్టాను. మొదటిది వచ్చింది. రెండోది జారింది. "నొక్కలేదు, అందుకే" అనుకుని ఒంటి బలమంతా పెట్టి నొక్కాను. గుంట కాస్తా గుండ్రటి గిన్నె అయి కూర్చుంది. మూడోదానికీ అదే గతి. కార్బురేటర్ మెత్తటి లోహం, పగులుతుందేమోనన్న టెన్షన్ ఒకటి. ఆ రెండు స్క్రూలు తియ్యడానికి ఒక పూట పట్టింది. నాలుగోది అలాగే వదిలేసి జిస్ డ్రైవర్ తెప్పించాను. పెట్టాను. తిప్పాను. వచ్చేసింది. అంతే! ఏ బలమూ లేదు, ఏ శబ్దమూ లేదు. నాకు సంతోషం కాదండీ, ఒళ్లు మండింది.

జరిగిందేమిటంటే, చూపుకి ఆ రెండు ప్లస్‌లూ కవల పిల్లలు. కానీ లోపల వంపుల కొలతలు వేరు. ఫిలిప్స్ మొన ఆ గుంటలో అడుగు దాకా దిగదు, పైనే ఆగిపోతుంది. జిస్ డ్రైవర్ మాత్రం మామూలు ఫిలిప్స్ గుంటలో కూడా చాలావరకు బాగానే కూర్చుంటుంది. చాలా జిస్ స్క్రూల తల మీద చిన్న చుక్క ఉంటుంది, సూదితో పొడిచినట్టు. అన్నిటికీ ఉండదు. కానీ చుక్క కనిపిస్తే చెయ్యి ఆపండి. జపాన్ బైకులు, కెమెరాలు, కుట్టుమిషన్లు, పాత టేప్ రికార్డర్లు విప్పేవాళ్లు ఒక మంచి జిస్ డ్రైవర్ పక్కన పెట్టుకోవడం మేలు.

ఇప్పుడు సైజు. ఇది త్వరగా చెప్పేస్తాను. సున్నా, ఒకటి, రెండు, మూడు, నాలుగు. సున్నా కంటే చిన్నవి రెండు సున్నాలు, మూడు సున్నాలు, అవి ఫోన్లూ లాప్‌టాప్‌ల పని. నట్టులోకో లోహంలోకో దిగే మర స్క్రూలలో 2.5, 3 మిల్లీమీటర్ల లావువాటికి ఒకటో నంబరు. 3.5 నుంచి 5 దాకా రెండో నంబరు. 6 అయితే మూడు. 8, 10 అయితే నాలుగు. చెక్క స్క్రూలలో కూడా సుమారు 3.5 నుంచి 5 దాకా రెండో నంబరే, 6 అయితే మూడు. అందుకే ఏ ఇంట్లో చూసినా రెండో నంబరే ముందు అరిగిపోతుంది. పాపం అన్ని పనులూ దాని నెత్తినే. ఒకటో నంబరు స్క్రూలో రెండు దూరదు, అది మనకి వెంటనే తెలుస్తుంది. రెండో నంబరు గుంటలో ఒకటి మాత్రం హాయిగా దూరుతుంది. దూరిందని తిప్పుతాం. అనుమానం వస్తే ఎప్పుడూ పెద్దది ముందు పెట్టి చూడండి, పట్టకపోతే చిన్నదానికి దిగండి. చిన్నదాంతో మొదలుపెట్టకండి.

అంతా సరే మాస్టారూ, ఇన్ని నంబర్లు గుర్తుండవు అంటారా? గుర్తుండక్కర్లేదు. మీకు మూడు పరీక్షలు చూపిస్తాను, చేతులతోనే తెలిసిపోతుంది.

ఒకటి, వేలాడదీయడం. అయస్కాంతం లేని హోల్డర్ తీసుకోవాలి. అది ముఖ్యం, అయస్కాంతం ఉంటే అబద్ధం చెబుతుంది. బిట్‌ని ఇలా అడ్డంగా పట్టుకుని దాని మొనకి స్క్రూ తగిలించాను. చూడండి, పడలేదు. ఇప్పుడు ఇంకో కంపెనీ బిట్, ఇదీ రెండో నంబరే. తగిలించాను... పడిపోయింది. బల్ల కిందకి దొర్లింది, తర్వాత తీసుకుందాం లెండి. ఒకే స్క్రూ, ఒకే నంబరు. ఒకటి పట్టుకుంది, ఒకటి పట్టుకోలేదు. అంటే తయారీలో కొలతలు పాటించినవాళ్లెవరో, వదిలేసినవాళ్లెవరో తెలిసిపోయింది. ఈ పరీక్షకి ఎంత ఖర్చయింది?

రెండు, కదపడం. స్క్రూ గుంటలో బిట్ పెట్టి, తిప్పకుండా అటూ ఇటూ మెల్లగా కదపండి. కొంచెం ఆట ఉంటుంది, ఉండాలి కూడా. కానీ కదిపినప్పుడు చప్పుడు వచ్చేంత ఆట ఉంటే అది మీది కాదు.

మూడోది నాకు బాగా ఇష్టమైనది. మార్కర్ పెన్ను. బిట్ మొనకి నల్ల ఇంకు రాయండి, నాలుగు రెక్కలకీ పూర్తిగా. ఆరనివ్వండి. బిగిసి ఉన్న స్క్రూలో పెట్టి, నొక్కి, కదిలీ కదలనట్టు తిప్పి తియ్యండి. ఇప్పుడు ఇంకు ఎక్కడ చెరిగిందో చూడండి. ఇదిగో, ఇందాక పడిపోని బిట్. ఇంకు రెక్క పక్క గోడ పొడుగునా వెడల్పు పట్టీలా చెరిగింది. బలం అంత జాగాలో పంచుకుందన్నమాట. ఇది పడిపోయిన బిట్. ఇంకు ఎక్కడ చెరిగింది? రెక్క పై అంచున, గోరంచు కూడా లేని ఒక చిన్న గీత మీద. మీ బలమంతా ఆ గీతే మోస్తోంది. ఎంత మంచి ఉక్కైనా ఆ గీత ఎన్నాళ్లు నిలుస్తుంది, చెప్పండి?

అలా ఉక్కు దగ్గరికి వచ్చాం. బిట్ మీద కొన్ని అక్షరాలు చూస్తుంటారు. సీఆర్-వీ అంటే క్రోమ్ వనేడియం ఉక్కు. ఎస్2 అనేది దెబ్బని తట్టుకోవడానికి చేసే పనిముట్ల ఉక్కు, ఎస్ అక్షరం వచ్చిందే ఆ దెబ్బకి ఓర్చుకునే గుణం నుంచి. బిట్లకి ఇప్పుడు ఎక్కువగా వాడేది అదే. గట్టితనం రాక్‌వెల్ సి స్కేలు మీద 60కి అటూ ఇటూ ఉంటుంది. మరి 65 చేస్తే ఇంకా మన్నుతుంది కదా? మన్నదు. గాజులా పుటుక్కున విరుగుతుంది. మెత్తగా చేస్తే రెక్కలు మైనంలా మెలి తిరుగుతాయి. ఈ రెండింటి మధ్యా ఎక్కడ ఆపాలన్నదే బిట్ చేసేవాడి పనితనం. వేడి చేసి చల్లార్చడంలోనే అంతా ఉంది. ఎస్2 అని రాసి ఉన్నంత మాత్రాన ఆ వేడి సరిగ్గా పట్టిందని కాదు. రాయడానికేం, ఎవరైనా రాస్తారు.

ఇక పై పూత. బంగారు రంగులో మెరిసే బిట్లు చూశారా? టైటానియం నైట్రైడ్ పూత. అది చాలా గట్టిది, నిజమే. కానీ ఎంత మందం? కొన్ని మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు కొన్ని. లోపలి ఉక్కు మెత్తగా ఉండి అణిగిపోతే పై పూత పెచ్చులూడుతుంది. పైన పటారం, లోన లొటారం. పూత చూసి కొనకండి. తళతళలాడే క్రోమ్ పూత మొన దాకా ఉంటే నాకు ఇంకా అనుమానం, ఆ పూత అంచుల్ని మొద్దు చేస్తుంది. మంచి స్క్రూడ్రైవర్లలో చాలావాటికి కడ్డీ మెరుస్తుంది, మొన మాత్రం నల్లగా వదిలేస్తారు. మొన మీద వజ్రపు పొడి అంటించినవి కూడా వస్తాయి, ముట్టుకుంటే గరుకు కాగితంలా ఉంటుంది. అవి నిజంగా పట్టుకుంటాయి, మెత్తటి స్క్రూలకి వాడి చూడండి. ఇంకొన్ని ఫిలిప్స్ బిట్లకి రెక్కల మీద సన్నటి అడ్డగాట్లు ఉంటాయి, జారకుండా గుంట గోడని కరుచుకోవడానికి. అవీ పనిచేస్తాయి.

ఇంపాక్ట్ డ్రైవర్ వాడేవాళ్లు ఎంతమంది? సరే, మీకొక మాట. ఆ మర తిప్పడంతో పాటు దెబ్బలు కూడా వేస్తుంది. మామూలు 25 మిల్లీమీటర్ల పొట్టి బిట్ పెడితే ఆ దెబ్బ తిన్నగా మొనకే తగులుతుంది. నడుము సన్నగా ఉన్న బిట్లు చూసే ఉంటారు, టోర్షన్ బిట్లు. ఆ నడుము స్ప్రింగులా రవ్వంత మెలి తిరిగి దెబ్బని మింగుతుంది. అందుకే అవి ఆ మరకి ఎక్కువకాలం ఆగుతాయి. చేత్తో తిప్పే పనికి అవి అక్కర్లేదు, ఆ మెలి వల్ల బిగుతు చేతికి సరిగ్గా తెలియదు కూడా. మరలో దూరే వెనక భాగం, షాంకు, మాత్రం ఇక్కడి బిట్లన్నిటికీ పావు అంగుళం ఆరుపలకలే, 6.35 మిల్లీమీటర్లు. 50 మిల్లీమీటర్ల వాటికి మెడ దగ్గర గాడి ఉంటుంది, మర చకచకా పట్టుకుని వదలడానికి.

ఏం కొనాలి అని అడుగుతారు. నూరు ముక్కల డబ్బాలు నాకు నచ్చవు. అందులో తొంభై మీరు ముట్టుకోరు, ముట్టుకునేది రెండో నంబరు, అది ఒక్కటో రెండో ఉంటాయి. ఆ డబ్బుతో మంచి రెండో నంబరు పీహెచ్ ఓ ఐదూ, పీజెడ్ ఓ ఐదూ విడిగా కొనుక్కోండి. ఒకటీ, మూడూ రెండేసి చాలు. బిట్ చీపురు లాంటిది, అరిగేదాన్ని అరిగేదానిలాగే చూడాలి. ఎప్పుడు పారెయ్యాలి? గోరుతో రెక్క అంచు మీద గీరండి. గోరు పట్టాలి. జారితే అయిపోయింది. దాన్ని దాచకండి, అదే డబ్బాలో వెయ్యకండి. మళ్లీ చేతికొస్తుంది, కొత్త స్క్రూని పాడు చేస్తుంది.

సానపట్టి వాడొచ్చా అని ఎవరో అడుగుతున్నారు. మొన అడుగున తగిలి రెక్కలు ఆనకపోతే కొసన ఒక్క రవ్వ తియ్యొచ్చు, అంతకు మించి వద్దు. గ్రైండర్ మీద నీలం రంగు తేలిందా, అక్కడ గట్టితనం పోయినట్టే.

వాడేటప్పుడు కూడా ఒకటి రెండు చెప్తాను. గుంటలో పెయింటు, పుట్టీ, తుప్పు ఉంటే ముందు సూదితో గీకండి. గుంటలో మట్టి ఉంటే ఎంత మంచి బిట్ అయినా దాని మీద కూర్చుంటుంది, స్క్రూ మీద కాదు. అయస్కాంతపు మొనకి ఇనుప రజను అంటుకుంటుంది, తుడుస్తూ ఉండండి. డ్రిల్లు స్క్రూకి నిటారుగా ఉండాలి, వాలితే రెండు రెక్కలే పనిచేస్తాయి. బిగుతు ఒక హద్దు దాటితే తిప్పడం ఆపే డ్రిల్లు క్లచ్ తక్కువలో పెట్టి, వేగం తగ్గించి, తిప్పే బలం కంటే నొక్కే బలం ఎక్కువ పెట్టండి.

ఆ, చెప్పమ్మా? తల ఇప్పటికే పాడైతే ఏం చెయ్యాలి. మంచి ప్రశ్న. ముందు శబ్దం వచ్చిన మొదటిసారే ఆపాలి, పదోసారి కాదు. ఆపి, బిట్ మార్చండి. కొత్తదాన్ని గుంటలో పెట్టి సుత్తితో రెండు చిన్న దెబ్బలు వెయ్యండి, లోపలికి కూర్చుంటుంది. దెబ్బకి తుప్పు కూడా కాస్త వదులుతుంది. మొనకి కొంచెం వాల్వులు నూరే పేస్టు రాస్తే గరుకు వచ్చి పడుతుంది. రబ్బరు బ్యాండ్ మధ్యలో పెట్టమంటారు, మెత్తగా బిగిసినవాటికి పర్వాలేదు, నిజంగా బిగుసుకున్నదానికి రబ్బరు నలిగిపోవడం తప్ప నేనేమీ చూడలేదు. అప్పటికీ రాకపోతే పాడైన స్క్రూని బయటికి లాగే పనిముట్టు, ఎక్స్‌ట్రాక్టర్, లేదా తల డ్రిల్ చేసెయ్యడం. ఇక అక్కడ బిట్ పని అయిపోయింది.

సరే, నా మాటలు చాలు. ఈ ట్రేలో పన్నెండు స్క్రూలు పెట్టాను, పక్కన బిట్లు కలగాపులగంగా ఉన్నాయి. మార్కర్లు రెండున్నాయి. ఒక్కొక్కరూ వచ్చి ఏ స్క్రూకి ఏ బిట్టో జత కుదర్చండి. తల మీద చుక్క ఉన్నది ఒక్కటే ఒకటి కలిపాను. బాబూ, ఆ కిందకి దొర్లిన స్క్రూ నీ కుర్చీ దగ్గరుంది చూడు, అదీ తీసుకురా.